నొప్పి వస్తే ఆపండి: ఒక మోకాలి మార్పిడి కేసు

కీళ్ల మార్పిడి చేసే సర్జన్లం కేసులు రాయాల్సి వస్తే చూపించుకోదగ్గ ఎక్స్‌రేలు ఉన్నవే ఎంచుకుంటాం. ఈ కేసులోనూ ఎక్స్‌రే చాలా బాగుంది. మోకాలే వంగలేదు. దానికి కారణం వెతకడానికి నాకు ఆరు వారాలు పట్టింది, దొరికాక చూస్తే అది మేము రాసిచ్చిన కాగితంలోనే ఉంది. పేషెంట్ అనుమతితో రాస్తున్నాను. ఆవిణ్ని గుర్తుపట్టగలిగే వివరాలు తీసేశాను.

మొదటి పరిచయం

ఆవిడకు 66 ఏళ్లు. నలభై ఏళ్లుగా టైలరింగ్. కుడికాలితో కుట్టు మిషన్ తొక్కే మనిషి. రెండు మోకాళ్లలోనూ ఎనిమిదేళ్లుగా నొప్పి, కుడివైపు ఎక్కువ. మొదట మెట్లు దిగేటప్పుడే ఉండేదట. తర్వాత నడకలో, ఆపైన రాత్రి పడుకున్నా వదలని స్థితికి వచ్చింది. మాత్రలు, నడుముకు దిగువన కండరాలు బలపడే వ్యాయామాలు, మోకాలిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్లు రెండుసార్లు, అన్నీ అయ్యాయి. రెండో ఇంజెక్షన్ మూడు వారాలు కూడా పనిచేయలేదు.

పరీక్షలో కుడి మోకాలు లోపలివైపు అరిగి, కాలు దొడ్డికాలుగా 12 డిగ్రీలు వంకర తిరిగి ఉంది. పూర్తిగా చాచలేకపోతున్నారు, 5 డిగ్రీలు మిగిలిపోతోంది. వంచితే 105 డిగ్రీల దాకా వస్తోంది. ఈ 105 గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. ఎక్స్‌రేలో ఎముకకు ఎముక ఆనుకుని ఉంది. కెల్‌గ్రెన్, లారెన్స్ 1957లో ఇచ్చిన గ్రేడింగ్‌లో ఆఖరిదైన 4వ గ్రేడ్. తుంటి కీలును కూడా తిప్పి చూశాను. తుంటిలో జబ్బు మోకాలిలో నొప్పిగా తెలియడం ఉంది, అది చూసుకోకుండా మోకాలు కోసిన సందర్భాలూ మా వృత్తిలో ఉన్నాయి. ఆవిడ తుంటి బాగానే ఉంది.

ఆక్స్‌ఫర్డ్ నీ స్కోర్ అని పన్నెండు ప్రశ్నల పట్టీ ఒకటి వాడతాం. నొప్పి ఎంత, మెట్లు దిగగలరా, రాత్రి నిద్ర పడుతోందా, ఇలాంటివి. సున్నా నుంచి 48 వరకు మార్కులు, ఎక్కువ వస్తే మోకాలు బాగున్నట్టు. ఆవిడకు 14 వచ్చింది.

షుగర్ ఉంది. గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ 8.4. ఆ స్థితిలో నేను ఆపరేషన్ చేయను. మార్పిడి చేసిన కీలులో ఇన్ఫెక్షన్ వందలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. వచ్చినవాళ్లకు మాత్రం అది మామూలు కష్టం కాదు. లోహపు భాగాలు తీసి, నెలలపాటు మందులు వాడి, మళ్లీ అమర్చాల్సి రావచ్చు. అదుపులో లేని షుగర్ ఆ ముప్పును పెంచుతుంది. మూడు నెలలు ఆగమన్నాను. ఆవిడకు నచ్చలేదు. "ఇన్నాళ్లూ ఆపరేషన్ వద్దని నేనంటే మీరు చేయించుకోమన్నారు, ఇప్పుడు నేను సరేనంటే మీరు వద్దంటున్నారు" అన్నారు. మూడు నెలల తర్వాత 7.1తో వచ్చారు.

రెండు మోకాళ్లూ ఒకేసారి చేయమని కొడుకు అడిగాడు. ఒకే మత్తు, ఒకే సెలవు అన్నది ఆయన లెక్క. వయసు, షుగర్, బరువు చూసుకుని ఒక్కొక్కటిగా చేద్దామన్నాను. గుండె, ఊపిరితిత్తుల మీద పడే భారం రెండింటికీ కలిపి ఒకేసారి పడటం ఈ మనిషికి అవసరం లేదనిపించింది. ఆ నిర్ణయం మంచిదైంది, నేను ఊహించిన కారణానికి మాత్రం కాదు.

ఒక తప్పు ఇక్కడే జరిగింది. ఆపరేషన్‌కు ముందు మాట్లాడిన అరగంటలో ఇంప్లాంట్ గురించి చెప్పాను, ఇన్ఫెక్షన్ గురించి, కాలిలో రక్తం గడ్డకట్టడం గురించి చెప్పాను. "ఎన్నేళ్లు వస్తుంది?" అని అడిగితే దానికీ జవాబిచ్చాను. ఆపరేషన్ తర్వాతి నొప్పి గురించి మాత్రం "కొన్ని రోజులు ఉంటుంది, మందులిస్తాం" అని ఒక్క వాక్యంతో ముగించాను.

ఆపరేషన్

దీని గురించి ఎక్కువ రాయను, చెప్పుకోవాల్సిందేమీ జరగలేదు. మోకాలి మార్పిడి అనే మాట వినగానే చాలామంది కీలు మొత్తం కోసి తీసేసి కొత్తది బిగిస్తారనుకుంటారు. నిజానికి అరిగిన ఎముక చివర్లను సుమారు 9 మిల్లీమీటర్ల మందాన కోసి, తొడ ఎముక చివర కోబాల్ట్ క్రోమియం తొడుగు, కాలి ఎముక పైన లోహపు పళ్లెం, ఈ రెండింటి మధ్య పాలిథిలిన్ దిమ్మ అమరుస్తాం. లిగమెంట్లలో చాలావరకు, కండరాలు, చర్మం అన్నీ ఆవిడవే. వాటిని ఎవరూ మార్చలేరు. కొత్త కీలు ఎలా పనిచేస్తుందన్నది ఆ పాత కండరాల మీదే ఆధారపడి ఉంటుంది.

వెన్నులో మత్తు ఇచ్చి, సిమెంట్‌తో అమర్చాం. రక్తం ఎక్కువ పోకుండా ట్రానెక్సామిక్ యాసిడ్ ఇచ్చాం. కుట్లు వేసేముందు కాలును పైకెత్తి వదిలితే దాని బరువుకే 120 డిగ్రీలు వంగింది, పూర్తిగా చాచుకుంది. ఈ రెండు అంకెలూ ఆపరేషన్ నోట్స్‌లో రాసుకోవడం నా అలవాటు. ఆ రాత రెండు నెలల తర్వాత నన్ను కాపాడింది.

మర్నాడు వాకర్ పట్టుకుని నడిచారు. మూడో రోజు 75 డిగ్రీల వంపుతో ఇంటికి వెళ్లారు. 75 కాస్త తక్కువే. ఇంటికెళ్లాక వస్తుందిలే అనుకున్నాను.

ఆరు వారాలు

రెండు వారాలకు కుట్లు తీసేటప్పుడు వంపు 70. గాయం శుభ్రంగా ఉంది, జ్వరం లేదు. వాపు మాత్రం ఉండాల్సినదానికంటే ఎక్కువ అనిపించింది. ఫిజియోథెరపిస్ట్‌ను గట్టిగా చేయించమని చెప్పి పంపించాను. "గట్టిగా చేయించండి" అనేది సర్జన్లు ఏమీ ఆలోచించకుండా అనే మాట.

ఆరో వారం వచ్చేసరికి వంపు 68. పైగా చాచడం కూడా తగ్గింది, 10 డిగ్రీలు మిగిలిపోతోంది. ముందుకు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టు అటు వంగదు, ఇటు చాచుకోదు. ఆక్స్‌ఫర్డ్ స్కోర్ 19. అంటే అంత ఆపరేషన్ చేసి ఐదు మార్కులు తెచ్చాం.

చదునైన నేల మీద నడవడానికి మోకాలు 65 నుంచి 70 డిగ్రీలు వంగితే సరిపోతుంది. మెట్లెక్కడానికి 85, 90 కావాలి. మామూలు కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవాలంటే 90 దాటాలి. 68తో ఉన్న మనిషి ఇంట్లో నాలుగడుగులు వేయగలదు, అంతే. మిషన్ ముందు కూర్చుంటే కాలు తొక్కుడు పలక మీదకు చేరదు. ఆవిడ ఆ మాటే అన్నారు. "నొప్పి ఉన్నప్పుడు కుట్టేదాన్ని. ఇప్పుడు కుట్టలేకపోతున్నాను. ఏం బాగైనట్టు డాక్టర్ గారూ?"

నేను చేసిన మొదటి పని ఎక్స్‌రే మళ్లీ చూడటం. నిజం చెప్పాలంటే నాలుగుసార్లు చూశాను. సర్జన్ వల్ల మోకాలు బిగుసుకుపోయే కారణాలు ఉంటాయి. తొడ ఎముక తొడుగు ఒక సైజు పెద్దదైతే ముందుభాగం బిగుతవుతుంది. వంచినప్పుడు ఉండాల్సిన ఖాళీ చాలకపోతే దిమ్మ ఎముకల మధ్య ఇరుక్కున్నట్టవుతుంది. తొడుగు లోపలికి తిరిగి కూర్చుంటే చిప్ప సరిగా జారదు. కాలి ఎముకను కోసిన వాలు తప్పినా వంపు రాదు. తొడుగు తిరగడం మామూలు ఎక్స్‌రేలో సరిగా తెలియదు కాబట్టి సీటీ తీయించాను. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి.

రెండోది ఇన్ఫెక్షన్. బిగుసుకున్న, వాచిన, నొప్పి పెడుతున్న మోకాలిని ఇన్ఫెక్షన్ లేదని తేల్చకుండా మత్తిచ్చి వంచకూడదు. వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే సీఆర్‌పీ రక్తంలో లీటరుకు 6 మిల్లీగ్రాములు, ఆ సమయానికి తగ్గాల్సినంత తగ్గింది. అయినా షుగర్ ఉన్న మనిషి కాబట్టి థియేటర్‌లో సూదితో కీలులోని ద్రవం తీసి పంపాం. తెల్లకణాలు 900, వాటిలో ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే న్యూట్రోఫిల్స్ 40 శాతం, రెండూ ఇన్ఫెక్షన్ అనిపించే అంకెలు కావు. కల్చర్‌ను పద్నాలుగు రోజులు ఉంచినా ఏమీ పెరగలేదు.

ఇంప్లాంట్ బాగుంది, ఇన్ఫెక్షన్ లేదు. ఇలాంటి చోట ఫైల్లో "పేషెంట్ సహకారం తక్కువ" అని ఒక ముక్క రాసి పెన్ను మూసేయడం చాలా సులువు. నా జూనియర్ అప్పటికే ఆ ముక్క రాసేశాడు కూడా.

దిండు, మాత్రలు, కాగితం

ఆ ముక్క నాకు మింగుడు పడలేదు. నలభై ఏళ్లు రోజుకు పది గంటలు పనిచేసిన మనిషి, షుగర్‌ను మూడు నెలల్లో 8.4 నుంచి 7.1కి తెచ్చిన మనిషి, సహకరించలేదంటే ఎలా? ఈసారి ఫిజియోథెరపిస్ట్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒకటే అడిగాను: "అమ్మా, నిన్న పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా ఆ కాలితో ఏమేం చేశారో వరుసగా చెప్పండి."

చెప్పారు. పొద్దున లేచి వాకర్‌తో బాత్రూమ్‌కు. తర్వాత మంచం మీద, మోకాలి కింద మెత్తటి దిండు. మధ్యాహ్నం కుర్చీ, కాలు స్టూల్ మీద, మోకాలి కింద అదే దిండు. రాత్రి నిద్రలోనూ దిండు. "అది పెడితే హాయిగా ఉంటుంది" అన్నారు. హాయిగా ఉండటం నిజమే. వాచిన కీలు కొంచెం వంగిన భంగిమలో ఉంటే లోపల ఒత్తిడి తగ్గుతుంది. కానీ ఆ భంగిమలోనే రోజుకు ఇరవై గంటలుంటే కీలు వెనక భాగం అక్కడే కుదించుకుపోతుంది. చాచలేకపోవడానికి కారణం దొరికింది. దిండు పెట్టాల్సింది మోకాలి కింద కాదు. తువ్వాలు చుట్టి మడమ కింద పెడితే మోకాలు దాని బరువుకే కిందికి దిగి చాచుకుంటుంది. ఆ తేడా ఆవిడకు ఎవరూ చేసి చూపించలేదు.

మాత్రలు? నాలుగో రోజే మానేశారట. మేమిచ్చిన ట్రమడాల్‌తో రెండు రోజులు వాంతులయ్యాయి. అదే సమయంలో చూడటానికి వచ్చిన బంధువు ఒకరు నొప్పి మాత్రలు కిడ్నీలను తినేస్తాయని చెప్పారు. ఆవిడ ఒక్క ట్రమడాల్ కాదు, అన్నీ ఆపేశారు. ఆ బంధువును తప్పుపట్టలేను. వాపు తగ్గించే నొప్పి మాత్రలు ఎక్కువ కాలం వాడితే, అందులోనూ షుగర్ ఉన్నవాళ్లలో, కిడ్నీలకు ప్రమాదమే. మేం చెప్పాల్సింది ఏ మాత్ర ఎన్ని రోజులు, దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు అని. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఆవిడకు 0.9, మామూలే. పది రోజుల కోర్సుకు, మధ్యలో ఒకసారి రక్తపరీక్షతో, భయపడాల్సింది లేదు. పారాసెటమాల్ మోతాదులో వాడితే ఆ గొడవే లేదు. ఇదేదీ మేం చెప్పలేదు, బంధువు చెప్పారు.

మరి వ్యాయామాలు? "రోజూ చేస్తున్నాను. వంచగానే నొప్పి వస్తుంది, వెంటనే ఆపేస్తాను."

"ఎందుకు ఆపేస్తున్నారు?"

ఆవిడ కోడలి వైపు చూశారు. కోడలు ఫైల్లోంచి డిశ్చార్జ్ కాగితం తీసి నా ముందు పెట్టింది. వ్యాయామాల బొమ్మల కింద మూడో లైను: నొప్పి వస్తే ఆపండి.

"మా అత్తయ్య మీరు రాసింది రాసినట్టే చేశారండీ" అంది.

ఆ లైను రాసింది నేనే. ఎప్పుడో ఏళ్ల కిందట, ఒక పేషెంట్ పిక్కలో రక్తం గడ్డకట్టి నొప్పి పెడుతున్నా పళ్ల బిగువున వ్యాయామం చేస్తూ వచ్చాక, భయపడి చేర్చాను. నా మనసులో ఉన్న నొప్పి వేరు. అకస్మాత్తుగా పొడిచినట్టు వచ్చేది, పిక్క బిగిసిపోయేది. ఆవిడ చదివిన నొప్పి వేరు. ఆపరేషన్ అయిన మోకాలిని వంచితే ప్రతి ఒక్కరికీ వచ్చేది. రెండింటికీ మన భాషలో ఒకటే మాట. ఏళ్ల తరబడి ఎంతమంది ఆ లైను చదివారో, వాళ్లలో ఎంతమంది ఈ పేషెంట్ అంత నిజాయితీగా పాటించారో తలుచుకుంటే ఆ రోజు ఓపీ ముగిసేదాకా మనసు కుదురుగా లేదు.

మాత్రలు లేవు కాబట్టి నొప్పి ఎక్కువ, నొప్పి ఎక్కువ కాబట్టి వంచలేదు. వంచకపోతే వాపు దిగదు. కీలు వాచి ఉంటే తొడ ముందు కండరానికి వెళ్లే సంకేతాలనే నరాల వ్యవస్థ తగ్గించేస్తుంది, మనిషి ఎంత గట్టిగా ప్రయత్నించినా కండరం సగం సగంగానే బిగుస్తుంది. మామూలుగానే ఆపరేషన్ అయిన నెలకు ఆ కండరం బలం సగానికి పైగా పడిపోయి ఉంటుంది. ఈవిడకు చేత్తో తడిమితే కండరం ఉందో లేదో అన్నట్టుంది.

ఫైల్లో జూనియర్ రాసిన ముక్కను కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను.

మత్తులో వంచడం

కారణం తెలిసినంత మాత్రాన మోకాలు వంగదు. ఆపరేషన్ తర్వాత కీలులో మిగిలిన రక్తం, పీచు పదార్థం మొదటి వారాల్లో మెత్తగా ఉంటాయి. రోజూ కదిలిస్తే అవి సర్దుకుంటాయి. కదపకపోతే వారం వారానికీ గట్టిపడి చిప్ప చుట్టూ, తొడ ఎముక ముందూ మచ్చలా అతుక్కుపోతాయి. మామూలుగా పన్నెండు వారాలలోపు మత్తిచ్చి వంచితే ఆ అతుకులు విడిపోతాయి. ఆ తర్వాత వంచితే ఫలితం తక్కువ, తొడ ఎముక విరిగే ప్రమాదం ఎక్కువ. ఇంకా ఆలస్యమైతే సన్నటి కెమెరా గొట్టంతో లోపలికెళ్లి కోయాల్సి వస్తుంది.

ముందు రెండు వారాలు మందులు సరిచేసి, దిండు తీయించి, ఫిజియోథెరపీ మొదలుపెట్టాం. చాచడం 10 నుంచి 5కి వచ్చింది. వంపు 68 నుంచి 74. ఇది చాలదని ముగ్గురం ఒప్పుకున్నాం, ఆవిడతో సహా.

ఎనిమిదో వారం, వెన్నులో మత్తు. ఇది చూడటానికి మొరటుగా ఉండే పని, కానీ బలం ఉపయోగించే పని కాదు. కాలిని చివర పట్టుకుని లివర్‌లా నొక్కితే ఎముకో, చిప్ప కింది స్నాయువో తెగుతుంది. మోకాలికి దగ్గరగా, కాలి ఎముక పైభాగంలో పట్టుకుని, తుంటిని వంచి ఉంచి, నిదానంగా ఒత్తిడి పెంచాలి. 80 దగ్గర ఒకసారి, 95 దగ్గర ఒకసారి పాత గుడ్డ చిరిగినట్టు చప్పుడైంది. థియేటర్‌లో కొత్తగా వచ్చిన నర్సు మొహం తిప్పుకుంది. 115 దాకా వెళ్లి ఆగాను. ఆపరేషన్ రోజున 120 వచ్చిందని రాసి ఉండబట్టే అక్కడిదాకా వెళ్లే ధైర్యం చేశాను. మొదట్లోనే 90కి మించని మోకాలైతే 115 కోసం ప్రయత్నించడం తప్పయ్యేది.

అసలు పని ఆ మధ్యాహ్నం మొదలైంది. తొడలో నరం పక్కన సన్నటి గొట్టం పెట్టి రెండు రోజులు మత్తుమందు వదిలాం. నొప్పి తగ్గుతుంది, కండరం మాత్రం పనిచేస్తుంది. మత్తు పూర్తిగా దిగకముందే ఫిజియోథెరపిస్ట్ వంచడం మొదలుపెట్టింది. ట్రమడాల్ తీసేశాం. మాత్ర వేసుకున్న ముప్పావు గంటకు వ్యాయామం, రోజుకు నాలుగుసార్లు, ఆ వెంటనే ఐస్. నొప్పి గురించి ఫిజియోథెరపిస్ట్ చెప్పిన విధం నాకంటే బాగుంది. "అమ్మా, కొత్త గుడ్డ మొదటిసారి సాగదీస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. లాగుతున్నట్టుంటే మంచిదే. తెగినట్టుంటే నాకు చెప్పండి." ఆవిడకు ఒక్కసారికే అర్థమైంది.

యంత్రం మీద కాలు పెట్టి ఊరికే వంచి చాపించే పద్ధతి గురించి కొడుకు అడిగాడు. ఒకప్పుడు అందరికీ వాడేవాళ్లం. మామూలు మోకాలి మార్పిడి తర్వాత దానివల్ల చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదని తేలాక మానేశాం. మనిషి తన కండరంతో తాను వంచిన ఐదు డిగ్రీలు, యంత్రం వంచిన ఇరవై కంటే మేలు.

మూడు నెలలకు చాచడంలో 2 డిగ్రీలే మిగిలాయి, వంపు 98. ఆరు నెలలకు పూర్తిగా చాచగలిగారు, వంపు 105. ఏడాదికి 108, స్కోర్ 39. ఆపరేషన్‌కు ముందు ఆవిడ మోకాలు 105 వంగేదని చెప్పాను కదా. మార్పిడి తర్వాత ఎంత వంగుతుందో చెప్పగలిగే అంశాల్లో అన్నింటికంటే నమ్మదగినది అంతకుముందు ఎంత వంగేదన్నదే. 130 వస్తుందని నేను మాటిచ్చి ఉంటే ఈ 108 కూడా ఓటమిలా కనిపించేది.

లెక్కల్లో కనపడని మోకాలు

"ఎన్నేళ్లు వస్తుంది?" అన్న ప్రశ్నకు ఇప్పుడు మంచి జవాబే ఉంది. స్వీడన్ 1975లో మోకాలి మార్పిడుల రిజిస్ట్రీ మొదలుపెట్టింది, తర్వాత చాలా దేశాలు అదే దారి పట్టాయి. ఇలాంటి రిజిస్ట్రీల సమాచారంతో 2019లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం మోకాలి పూర్తి మార్పిడుల్లో వందకు సుమారు 82, తుంటి మార్పిడుల్లో సుమారు 58, 25 ఏళ్ల దాకా నిలుస్తాయి. 70 దాటాక చేయించుకున్నవాళ్లకు జీవితకాలంలో మళ్లీ మార్చాల్సి వచ్చే అవకాశం 5 శాతం చుట్టూ ఉంటుంది. యాభైల మొదట్లో చేయించుకున్న మగవాళ్లలో అది 35 శాతం దాకా వెళ్తుందని 2017లో అదే పత్రికలో వచ్చింది. చిన్నవయసు వాళ్లను ఆగమనేది అందుకే.

కానీ ఈ లెక్కల్లో "నిలవడం" అంటే ఇంప్లాంట్‌ను మార్చలేదని మాత్రమే. 68 డిగ్రీల దగ్గర ఆగిపోయి, మిషన్ ముందు కూర్చోలేక ఏడ్చిన మా పేషెంట్ మోకాలు ఆరో వారంలో కూడా ఆ లెక్కలో విజయమే. మత్తిచ్చి వంచడం రివిజన్ (ఇంప్లాంట్‌ను మళ్లీ మార్చడం) కిందకు రాదు, కాబట్టి ఎనిమిదో వారంలోనూ విజయమే. మోకాలి మార్పిడి చేయించుకున్న వాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరు ఫలితంతో పూర్తిగా తృప్తి పడరని ఎన్నో అధ్యయనాల్లో కనిపించింది. తుంటిలో ఈ నిష్పత్తి తక్కువ. ఎందుకని? తుంటి ఒక గిన్నెలో బంతి. మోకాలు వంగుతూ, జారుతూ, కొంచెం తిరుగుతూ పనిచేస్తుంది, దాన్ని లోహంతో అచ్చంగా తిరిగి తేవడం కష్టం. ఇది ఒక కారణం. అడగని ప్రశ్నలు ఇంకో కారణమని ఈ కేసు తర్వాత నాకు గట్టిగా అనిపిస్తోంది.

అసలు ఆపరేషన్ అవసరమా అన్న ప్రశ్నకు కూడా ఇక్కడే చోటుంది. 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన వందమంది అధ్యయనంలో సగం మందికి ఆపరేషన్, దాంతోపాటు వ్యాయామం, ఆహార సలహా, మందులు ఇచ్చారు. మిగతా సగానికి ఆపరేషన్ తప్ప తక్కినవన్నీ ఇచ్చారు. ఏడాదికి ఆపరేషన్ అయినవాళ్లే బాగా మెరుగుపడ్డారు, తీవ్రమైన సమస్యలు కూడా వాళ్లకే ఎక్కువ వచ్చాయి. రెండో గుంపులో ఏడాదిలోపు ఆపరేషన్ కావాలన్నవాళ్లు నాలుగో వంతు మాత్రమే. ఎక్స్‌రే చూపించి "అరిగిపోయింది, మార్చేద్దాం" అనే ముందు ఆ అధ్యయనం గుర్తు చేసుకుంటాను. ఈవిడ విషయంలో ఆ దశ దాటిపోయిందన్న నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు.

ఎడమ మోకాలు

పదహారు నెలల తర్వాత ఆవిడే వచ్చి ఎడమది కూడా చేయమన్నారు. నేను ఆశ్చర్యపోయిన మాట నిజం. "ఒకసారి తెలిసింది కదండీ, ఈసారి భయం లేదు" అన్నారు. హెచ్‌బీఏ1సీ 6.9. ఈ మోకాలు ముందునుంచీ కాస్త నయం, 115 వంగుతోంది.

ఈలోగా మా కాగితం మారింది. మూడో లైను ఇప్పుడు ఇలా ఉంది: "మోకాలు వంచుతున్నప్పుడు లాగినట్టు, బిగుసుకున్నట్టు నొప్పి వస్తుంది. అది ఉన్నా వంచాలి. ఆపిన అరగంటకు కూడా ఆ నొప్పి దిగకపోతే తర్వాతి సారి కొంచెం తగ్గించి చేయండి. పిక్క వాచి బిగిసినా, గాయంలోంచి రసి కారినా, జ్వరం వచ్చినా ఆ రోజే ఫోన్ చేయండి. ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ వస్తే వెంటనే ఎమర్జెన్సీకి రండి." కింద, మోకాలి కింద దిండు ఉన్న బొమ్మకు అడ్డంగా గీత, మడమ కింద తువ్వాలు ఉన్న బొమ్మకు టిక్. ఏ మాత్ర ఎన్నో రోజున ఆపాలో తేదీతో సహా చేత్తో రాస్తున్నాం. ఆపరేషన్‌కు ముందే రెండుసార్లు ఫిజియోథెరపిస్ట్ దగ్గర కూర్చోబెడుతున్నాం. మూడో రోజు, ఏడో రోజు, పదో రోజు ఫోన్ చేసి నిన్న ఏం చేశారో వరుసగా చెప్పించుకుంటున్నాం. "బాగున్నారా?" అని అడగడం మానేశాం, దానికి అందరూ బాగున్నామనే చెప్తారు.

ఎడమ మోకాలు ఇంటికి వెళ్లేటప్పుడు 85, రెండు వారాలకు 95, ఆరు వారాలకు 110, ఏడాదికి 118. స్కోర్ 43.

ఒకే మనిషి రెండు మోకాళ్లను పక్కపక్కన పెట్టి ఇదంతా కాగితం మహిమ అనడం సరికాదు. ఎడమది మొదటినుంచీ ఎక్కువ వంగేది, ఆవిడకు ఏం జరగబోతోందో ముందే తెలుసు, మేం నాలుగు విషయాలు ఒకేసారి మార్చాం. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. లోపల పెట్టిన లోహం మాత్రం రెండు వైపులా ఒకటే మోడల్.

రెండు మోకాళ్ల గాటుకు బయటివైపు అరచేతి వెడల్పున తిమ్మిరి మిగిలింది. అక్కడ చర్మానికి వెళ్లే సన్నటి నరం కొమ్మ కోతలో తెగుతుంది, చాలామందిలో ఆ తిమ్మిరి తగ్గుతూ వచ్చినా పూర్తిగా పోదు. ఇది కూడా ముందే చెప్పాల్సిన విషయమే, ఎడమదానికి చెప్పాను. మోకాళ్ల మీద ఆనుకుని కూర్చోవడం ఆవిడ ఇప్పటికీ చేయరు. ఇంప్లాంట్‌కు ఏమీ కాదని చెప్పినా ఆ తిమ్మిరి చోట ఏదో గుచ్చుకున్నట్టుంటుందట.

మొన్న చివరి చెకప్‌లో వంపు కొలిచే గోనియోమీటర్ పక్కన పెట్టి మిషన్ సంగతి అడిగాను. "మోటారు పెట్టించానండీ" అన్నారు.

"అదేంటమ్మా, కాలు వంగుతోంది కదా?"

"వంగుతోంది. మోటారైతే పని తొందరగా అవుతుంది."